సముద్రపు పిట్టకు జేజి పాసు

పోయిన నెల నా కుడికంటి శుక్లం తీశారు. పొద్దున పది గంటలకు కడప ఆసుపత్రికి పోయినదాన్ని మధ్యాహ్నం అన్నంవేళకు ఇంట్లో ఉన్నాను. తోడు వచ్చిన పక్కింటి అమ్మాయి ఆటోలో నవ్వుతూ, "ఇంతేనా టీచరమ్మా, దీనికేనా రెండేండ్లు ఎనకాముందూ చూసింది?" అంది. నేను కంటి కట్టు సర్దుకుని బయటికి చూశాను. ఓపిక లేక కొంత, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కొంత.

నాలుగు రోజులు పుస్తకం ముట్టొద్దన్నారు, పొయ్యి దగ్గరికి పోవద్దన్నారు, వంగి ఏదీ ఎత్తొద్దన్నారు. పని లేకుండా పడుకోవడం కూడా ఒక రకం అలసటేనని ఈ వయసులో తెలిసింది. కళ్ళు మూసుకుంటే మా జేజి కనిపించేది. జేజి అంటే మా నాయనకు తల్లి. నాకు బుద్ధి తెలిసేటప్పటికే ఆమె రెండు కళ్ళలోనూ బియ్యం కడిగిన నీళ్ళలాంటి తెలుపు చేరింది. ఆ తెలుపు తీయించుకోవడానికి ఆమెకు వచ్చిన ఒక్క అవకాశం ఒక పిట్టకు పోయింది. ఆ పిట్టను చూసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కతినే. రాసిపెడితే కొంత బరువు దిగుతుందేమోనని రాస్తున్నాను.

మా నాయన దేవదానం రైల్వేలో పట్టాలు బాగుచేసే గ్యాంగు కూలీ. ఓబులవారిపల్లెకూ కోడూరుకూ మధ్య రైలుకట్ట పక్కన వరసగా ఆరు ఇళ్ళు, వాటి ముందు ఒక వేపచెట్టు, ఒక చేదబావి. అక్కడ అన్నిటికీ ఒకటే వాసన, పట్టాల కింద వేసే కొయ్య స్లీపర్లకు పూసే తారునూనె వాసన. నాయన చొక్కాకు అదే వాసన. పాత స్లీపరు ముక్కలు పొయ్యిలో పెట్టిన రోజున సంగటికీ అదే వాసన. నాయన తెల్లవారకముందే పోయి పొద్దుగూకి వచ్చేవాడు. వచ్చి గడప మీద కూచుని కాళ్ళు చాపుకుని చాలాసేపు మాట్లాడేవాడు కాడు. అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెడితే, ఆ నీళ్ళు ముఖాన చల్లుకోవడానికి కూడా ఆయనకు కాసేపు పట్టేది. ఇప్పుడు ఆ ఇళ్ళు లేవు. ఆ దారిలో మంగంపేట గనుల నుంచి ముగ్గురాయి లారీలు పోతుంటాయి, చెట్ల ఆకులన్నీ బూడిదరంగు దుమ్ము.

జేజి చర్చి మనిషి. మా ముత్తాతల నాటి నుంచే మావాళ్ళు క్రైస్తవులు. ఆమెకు చదువు రాదు గాని కీర్తనలన్నీ నోటికొచ్చు. అన్నం ముందు ఆమె ప్రార్థన మొదలుపెడితే సంగటి చల్లారి గట్టిపడేది. ఊళ్ళో జ్వరాలతో పడుకున్నవాళ్ళ పేర్లు, ఈనబోయే బర్రెలున్న ఇళ్ళవాళ్ళ పేర్లు, అన్నీ అయ్యేదాకా ఆమేన్ అనేది కాదు. ఆమేన్ అనగానే నశ్యం డబ్బీ కోసం బొడ్లో తడుముకునేది. కోడలు ఎండుచేపలు వేయించినప్పుడల్లా కంపని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. తినేటప్పుడు మాత్రం రెండో ముక్క అడిగేది.

ఎండుచేపలు మా ఇంటికి వచ్చింది అమ్మతోనే. అమ్మది ఈ సీమ కాదు. గూడూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పాళెం. పుట్టుపేరు పోలేరమ్మ. ఒక గాలివానకు అటువైపు లైను తెగితే బాగుచేయడానికి నాయన గ్యాంగును పంపించారు. అక్కడ స్టేషను బయట గంపలో ఎండుచేపలు పెట్టుకుని అమ్ముతున్న అమ్మను నాయన చూశాడు. చర్చిలో పెళ్ళయింది, మేరమ్మ అని కొత్త పేరు వచ్చింది. మతం మారి ఎక్కడో ఎండలసీమకు పోయిన కూతురు తన గడప తొక్కరాదని వాళ్ళ నాయన అన్నాడట. అప్పటినుంచి పన్నెండేళ్ళు అమ్మ అటు పోలేదు. వాళ్ళమ్మ మాట ఎత్తేది కాదు. నా జడ అల్లేటప్పుడు మాత్రం ఎప్పుడైనా, "మా అమ్మయితే నాలుగు పాయలతో అల్లేది" అని ఊరుకునేది.

గ్యాంగు కూలీ కుటుంబానికి ఏడాదికి ఒక పాసు వచ్చేది. దాని మీద ఇంటిల్లిపాదీ ఒకసారి రైలెక్కి పోయిరావచ్చు. ఆ ఏడు నాయన పాసును జేజి కళ్ళకోసం అట్టిపెట్టాడు. మదరాసులో కంటి ఆసుపత్రి ఉందనీ, అక్కడ పొర తీస్తే మళ్ళీ చూపు వస్తుందనీ పాస్టరుగారు చెప్పాడు. స్టేషను మాస్టరు దగ్గరికి పోయి ఏ ఊరికో రాయించడమే తరువాయి. జేజి తన తెల్లచీర ఉతికించి మడతపెట్టుకుని కూచుంది.

అంతలో గాలివాన పట్టుకుంది. రెండు రోజులు వేపచెట్టు నేలకు ఒరిగినట్టే ఉంది. వంక పొంగి కట్ట కోసుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడుతున్నాయని కబురొస్తే గ్యాంగు మొత్తం పోయింది. మూడోరోజు పొద్దున గాలి ఆగింది. గోడ తడుముకుంటూ కోళ్ళగూడు చూడటానికి పోయిన జేజి అక్కడినుంచి పిలిచింది.

"ఎస్తేరూ, ఎవురిదో బాతు మన గూటి ఎనకాల కూచోనుండాది, వచ్చి చూడు."

నేను పోయేలోపలే జేజి దాన్ని పట్టుకోబోయింది. అది ఆమె అరచేయి చీరేసింది. రంపం పళ్ళు దిగినట్టు గీత పడి రక్తం కారుతోంది. గూటి వెనక బురదలో కూచున్నది బాతు కాదు. ఒళ్ళంతా వేయించిన కాఫీగింజ రంగు, పొట్ట మాత్రం తెలుపు. మేకులాంటి పొడుగాటి ముక్కు. పసుపురంగు పాదాలు, వేళ్ళ మధ్య తోలు. ఒక రెక్క బురదలో పరుచుకుని ఉంది. కళ్ళు మూయడానికి కూడా ఓపిక లేనట్టు మమ్మల్ని చూస్తోంది.

అమ్మ సంగటి తెడ్డు చేతిలో పట్టుకునే వచ్చింది. చూసి నిలబడిపోయింది. తరువాత మెల్లగా ఆ బురదలోనే గొంతుక్కూచుంది.

"ఇది ఈడికెట్టా వచ్చింది" అంది, ఎవరినీ అడగనట్టు. పాత గుడ్డ తెమ్మని, దాని తల మీద కప్పి, ఒక చేత్తో ముక్కు పట్టుకుని, రెండో చేత్తో రెక్కలు మడిచి చంకలో పెట్టుకుంది. అంతా ఒక్క క్షణంలో. అమ్మ చేతులకు ఆ పని తెలుసని నాకు అంతవరకూ తెలియదు.

"సముద్రపు పిట్ట అత్తా. గాలి ఎత్తుకొచ్చి పడేసుండాది. మా నాయన తెప్ప మీద పోతే ఇవి ఎంటబడి వస్తాయి."

జేజి గాయపడిన చెయ్యి కొంగులో చుట్టుకుని, రెండో చేతివేలితో ఆ ముక్కును తడిమింది. "దీని ముక్కుకు బొక్కలు లేవే మేరమ్మా. ఊపిరెట్ల తీస్తాది?"

"నోటితోనే అత్తా. పైనుంచి నీళ్ళలోకి దూకుతాది. ముక్కుకు బొక్కలుంటే నీళ్ళు పోవా?"

జేజి వేలు వెనక్కి తీసుకుంది. "దేవుడు దానికి కావల్సింది దానికి చేసినాడు" అని, నశ్యం పీల్చి లోపలికి పోయింది.

వంక తీసిపోయిన గుంటల్లో పరిగె చేపలు మిగిలాయి. నేను తువ్వాలుతో పట్టి తెచ్చాను. పిట్ట ముట్టలేదు. అమ్మ దాని నోరు తెరిచి, చేపను తలవైపు నుంచి గొంతులోకి తోసింది. మొదటిది కక్కింది. మూడోది మింగింది. మర్నాటికి నా చేతిలోంచే అందుకుంది. రెక్క విరగలేదనీ, అలసిపోయిందనీ, అంతేననీ అమ్మ చెప్పింది.

గ్యాంగు పెద్ద హుసేన్ మేస్త్రీ బియ్యం అడగడానికి కట్ట మీదనుంచి వచ్చినప్పుడు పిట్టను చూశాడు. కళ్ళు గుంటలు పడి, మోకాళ్ళదాకా బురదతో ఉన్నాడు.

"మూడు దినాల నుంచి నీళ్ళలో చస్తాండాం మేరమ్మా. దీన్ని కోస్తే ఆరిళ్ళకూ తలా ముక్క వస్తాది."

"చేపల కంపన్నా, తినలేవు."

"కంపయినా కూరే కదమ్మా" అని ఆయన గడప మీద కూచున్నాడు. బతిమాలలేదు, బెదిరించలేదు. కాళ్ళ బురద గీరుకుని, "సరేలే, అది చస్తే మాత్రం చెప్పు" అని లేచి పోయాడు. ఆకలిగా ఉన్న మనుషుల మధ్య ఒక పిట్టకు చేపలు తినిపిస్తున్నామని నాకు అప్పుడు సిగ్గేసింది. అమ్మకూ వేసిందేమో, ఆ పూట మా సంగటిలో సగం ముద్ద మేస్త్రీ ఇంటికి పంపించింది.

నాయన నాలుగోరోజు వచ్చి ఒక పగలంతా నిద్రపోయాడు. లేచాక అమ్మ చెప్పినదంతా విని, "చెరువు నిండుండాది కదా, ఆడ వదిలితే అదే పోతాది" అన్నాడు. నాయనా అమ్మా నేనూ పోయాం. పిట్టను నీళ్ళమీద పెడితే తేలింది. తల ముంచింది, తీసింది, చుట్టూ తిరిగింది. ఎగరలేదు. కట్ట మీద పిల్లలు రాళ్ళు వేయడం మొదలుపెట్టారు. గాలి దాన్ని జమ్ములోకి నెట్టింది. ఈకలు నాని, మెడ వాల్చేసింది. నాయన ఏమీ అనకుండా పంచె ఎగగట్టి, రొమ్ములోతు నీళ్ళలోకి దిగి దాన్ని తీసుకొచ్చాడు. వణుకుతూ ఇల్లు చేరాడు.

"ఇది దాని నీళ్ళు కాదు" అంది అమ్మ. "సముద్రానికే తీసకపోవాల."

"సముద్రం యాడుండాది, మనం యాడుండాం" అన్నాడు నాయన. మూలనుంచి జేజి గొంతు వచ్చింది.

"పాసుండాది కదరా."

"అది నీ కండ్లకమ్మా."

"నా కండ్లు యాడికీ పోవు. వచ్చే ఏడు పాసు రాదా ఏంది? ఆ పిట్ట వచ్చే ఏటిదాకా ఉంటాదా?" అని, అమ్మ పొయ్యి దగ్గరికి పోయేదాకా ఆగి, గొంతు తగ్గించింది. "నీ పెండ్లాం వాళ్ళమ్మను చూసి పన్నెండేండ్లయిందిరా. పిట్ట పేరు చెప్పుకోని పోయి చూసి రానీ. నోరు తెరిచి అడిగే మనిషి కాదు అది."

పొయ్యి దగ్గర అమ్మకు ఆ మాటలు వినిపించాయి. ఆరిపోయిన పొయ్యిలో కట్టె కదిలిస్తూ కూచుంది. వద్దని ఒక్కమాట అంటే నాయన పాసు మదరాసుకే రాయించేవాడు. అమ్మ అనలేదు. చాలా ఏళ్ళు నాకు అమ్మ మీద ఆ కోపం ఉండేది. ఇప్పుడు లేదు. నాకూ అమ్మ లేకుండా పోయాక, ఆ పొయ్యి ముందు కూచుని నేనయినా వద్దనేదాన్ని కానని తెలిసింది.

లైను బాగయి బండ్లు తిరగడం మొదలవగానే అమ్మా నేనూ బయలుదేరాం. కోళ్ళగంపలో పిట్ట, పైన గోనె కప్పి ఉంది. రెండో ప్రపంచయుద్ధం రోజులు, బండి నిండా సిపాయిలు. పిట్ట వాసనకు మా చుట్టూ మాత్రం కాస్త చోటు మిగిలింది. రేణిగుంటలో బండి మారాక టికెట్లు చూసేవాడు పాసు తిప్పి తిప్పి చూసి, గంప వైపు వేలు చూపించాడు.

"పాసులో పిట్ట రాసిలేదే."

"పాసు మనుషులకు సామీ. ఇది పోయేదే గాని తిరిగొచ్చేది కాదు" అంది అమ్మ. ఆయన గోనె కొంచెం ఎత్తి చూసి, ఆ కన్ను తననే చూస్తుంటే మళ్ళీ కప్పేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున గూడూరు నుంచి చేపల ఎడ్లబండి ఒకటి మమ్మల్ని ఎక్కించుకుంది. అది దిగాక ఇసుకలో నడక. సరుగుడు చెట్లు దాటగానే ముఖానికి ఉప్పుగాలి తగిలింది. గంపలో పిట్ట లేచి నిలబడింది. అమ్మ మొదట వడివడిగా నడిచింది, ఇళ్ళు కనిపించేసరికి అడుగు పడక నిలిచి నిలిచి నడిచింది. నేను సముద్రం వైపు చూస్తున్నాను. అంత నీళ్ళు ఉంటాయని చెబితే మా జేజి నమ్మదనుకున్నాను.

మొదటి గుడిసె ముందు ఒక మనిషి వల బాగుచేసుకుంటున్నాడు. అమ్మను చాలాసేపు చూశాడు. ఆయనే మా మేనమామ చెంగయ్య.

"పోలీ?" అన్నాడు.

"అన్నా. అమ్మ యాడ?"

ఆయన తల వంచుకుని వల వైపు చూశాడు. ముడివేసే చేతులు మాత్రం ఆగలేదు. "రెండేండ్లయింది పోలీ, అమ్మ పోయి. కార్డు రాపిద్దామనుకున్యా. ఏ ఊరికి రాయాలో ఎవురికీ తెలవదు. నాయన నీ పేరెత్తనీడు."

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గుడిసె తలుపు వైపు చూసింది, లోపల ఎవరో దగ్గారు. దగ్గు ఆగేదాకా నిలబడి, "పిట్ట ఎండలో ఉండాది. ముందు దాన్ని వదుల్తా" అంది.

"తెప్ప మీద తీసకపోయి నేను వదుల్తాలే."

"వద్దన్నా. నేనే."

చీర బిగించి, పిట్టను రొమ్ముకు ఆనించుకుని అమ్మ నీళ్ళలోకి నడిచింది. అలలు విరిగేచోట ఒకసారి మునిగి లేచింది. నేను ఖాళీ గంప పట్టుకుని తడి ఇసుకలో నిలబడ్డాను. అలలు దాటిన చోట, రొమ్ములోతులో, అమ్మ చేతులు వదిలింది. పిట్ట నీళ్ళమీద కూచుని రెండుసార్లు తల ముంచింది. ఈకలు విదిలించుకుంది. ఒక అల దాన్ని పైకెత్తింది. రెక్కలు విప్పింది, అవి అమ్మ చాపిన చేతులంత పొడుగున్నాయి. నీళ్ళమీద కాళ్ళతో తొక్కుతూ పరిగెత్తి, పడింది. తరువాతి అలకు మళ్ళీ పరిగెత్తింది. ఈసారి లేచింది. నీళ్ళకు జానెడెత్తున, తిన్నగా, వెనక్కి తిరగకుండా పోయింది.

"తూర్పుకే పోతా ఉండాది. బతుకుతాది" అన్నాడు మామ.

పిట్ట కనిపించకుండా పోయినా అమ్మ నీళ్ళలోనే ఉండిపోయింది. చివరికి మామ దిగి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. మామ పెండ్లాము మాకు వసారాలో చేపల పులుసు, అన్నం పెట్టింది. లోపలి దగ్గు వినిపిస్తూనే ఉంది. అమ్మ వాళ్ళ నాయన బయటికి రాలేదు. అమ్మ లోపలికి పోలేదు.

తిరుగుబండిలో అమ్మ ఒక్కసారే మాట్లాడింది.

"జేజి అడుగుతాది. మా అమ్మను చూసినాననే చెప్తా. నువ్వు నోరెత్తొద్దు."

"ఎందుకమ్మా?"

"ఆమె తన కండ్లు ఇచ్చి పంపించింది. ఆడ ఎవురూ లేరని ఎట్టా చెప్పేది?"

జేజి మా అడుగుల చప్పుడు విని గడపలోకి వచ్చి నిలబడింది. "పిట్ట పోయిందా?"

"పోయిందత్తా."

"మీ అమ్మ?"

"బాగుండాదత్తా. నిన్ను అడిగింది."

"నన్నా?" జేజి ముఖం విప్పారింది. "నన్నేమని అడిగింది?"

అమ్మ ఖాళీ గంపను గోడకు ఆనించింది. "కండ్లెట్లుండాయని" అంది.

మరుసటేడు పాసు రాలేదు. యుద్ధం పేరు చెప్పి కూలీల పాసులు ఆపేశారు. ఆ పై ఏడూ రాలేదు. తరువాత కోడూరులో ఒక డాక్టరు చూసి, లోపల నరమే చచ్చిపోయింది, ఇంక కత్తిపెట్టి లాభం లేదన్నాడు. జేజి ఆ మాట విని, "పోనీలే" అని నశ్యం పీల్చింది. అప్పటినుంచి బావికాడికైనా చర్చికైనా అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని నడిపించేది. ఒక్కనాడూ విసుక్కోగా నేను చూడలేదు. కాని రాత్రికి అమ్మ మోచేతులు మోకాళ్ళమీద పెట్టుకుని కూచునే తీరు, నాయన గడప మీద కూచునే తీరులాగే అయిపోయింది.

అంతకంటే బరువైనది ఇంకొకటి ఉంది. అన్నం ముందు ప్రార్థనలో జేజి ఇంకో పేరు చేర్చింది. తూర్పున సముద్రం ఒడ్డున ఉన్న మా మేరమ్మ తల్లికి ఆయుష్షు ఇమ్మని, కళ్ళు బాగుంచమని రోజూ అడిగేది. రోజూ అమ్మ ఆమేన్ అనాల్సి వచ్చేది. నాయనకు అసలు సంగతి తెలుసు. ఆ పేరు వచ్చినప్పుడల్లా ఆయన సంగటి ముద్దను వేళ్ళతో నొక్కుతూ కూచునేవాడు. ఈ కాలంలో ఎవరు పోయినా నిమిషంలో ఫోనొస్తుంది. అందరికీ ఒకేసారి తెలుస్తుంది, అందరూ ఒకేసారి ఏడ్చి మర్నాడు పనికి పోతారు. అది మేలో కీడో చెప్పే ఓపిక నాకు లేదు. అప్పుడు మాత్రం చనిపోయిన ఒక మనిషి మా ఇంట్లో ఇంకా కొన్నేళ్ళు బతికింది.

స్వతంత్రం వచ్చిందని బళ్ళో మిఠాయి పంచిన ఏడు అది. ఒక మధ్యాహ్నం జేజి కళ్ళు మూసుకుని పేర్లు చెప్పుకుంటూ అమ్మ తల్లి పేరు దాకా వచ్చింది. అమ్మ తెడ్డు కింద పెట్టింది.

"ఇంక ఆ పేరొద్దత్తా. మా అమ్మ పోయింది."

జేజి ప్రార్థన ఆపింది. "ఎప్పుడు?"

"కార్డొచ్చింది."

"నాకు చెప్పరేందే" అని జేజి నేను కూచునే వైపుకు తిరిగింది. ఇంట్లో చదువు వచ్చింది నాకొక్కదానికే. "ఎస్తేరూ, ఏమని రాసినారు? చదువు."

నా చేతుల్లో ఏమీ లేదు. అమ్మ వైపు చూశాను. అమ్మ నేల వైపు చూస్తోంది. ఉత్త అరచేయి ముందు పెట్టుకుని, కార్డు చదివే గొంతుతో చదివాను. నొప్పి లేకుండా పోయిందని చదివాను. చెంగయ్య మామ దగ్గరే ఉన్నాడని చదివాను. అక్కడితో ఆపాల్సింది. నా నోటివెంట ఇంకో మాట వచ్చింది.

"చివరిదాకా పోలి ఏదీ, పోలి ఏదీ అని అడుగుతానే ఉన్నింది అని రాసినారు జేజీ."

అమ్మ నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. మనిషి చప్పుడులా లేదు. జేజి ముందుకు వంగి, గాలిలో తడుముకుని, అమ్మ తల దొరకబుచ్చుకుని ఒళ్ళోకి లాక్కుంది. సముద్రం ఒడ్డున ఏడవని అమ్మ ఆ ఒడిలో ఏడ్చింది. జేజి తన చూపులేని కళ్ళతో ఏడ్చింది. సాయంత్రం నాయన పనినుంచి వచ్చి చూసేదాకా ఇద్దరూ అట్లాగే ఉన్నారు.